అల్లవరంలో దొరికిన దుబాసీ

ఉదయం ఆరున్నరకి రాజమండ్రిలో అమలాపురం బస్సెక్కాను. నాలుగు రోజుల్లో మా కాలేజీలో గల్ఫ్ వలసల మీద సదస్సు. సామాజిక శాస్త్రంలో పేరున్న పెద్దాయన ఒకాయన చెక్ దేశం నుంచి, ఒక ప్రొఫెసరమ్మ జోర్డాన్ నుంచి వస్తున్నారు. ఆయనకు చెక్ తప్ప రాదు, ఆవిడ అరబ్బీలోనే మాట్లాడతారు. మధ్యలో ఉండాల్సిన ఢిల్లీ దుబాసీకి జ్వరం. అల్లవరంలో సుగుణమ్మ అనే ఆవిడకు రెండు భాషలూ వచ్చునని మా లైబ్రేరియన్ చెప్తే, పెద్దగా నమ్మకం లేకుండానే బయల్దేరాను.

రావులపాలెంలో బస్సు పావుగంట ఆగితే ఇడ్లీ తిన్నాను. పక్క సీట్లో సెలవు మీద కువైట్ నుంచి వచ్చిన డ్రైవరు నా పని విని నవ్వాడు.

"అరబ్బీ అయితే ఈ బస్సులో సగం మందికి వచ్చండి. ఆ రెండోదే, పేరు వినడం కూడా ఇదే మొదటిసారండి."

తొమ్మిదింపావుకి అమలాపురం. అక్కణ్ణుంచి ఆటోలో చేపల చెరువుల పక్కగా అరగంట.

సుగుణమ్మ గారు కుట్టుమిషను ముందున్నారు. యాభై దాటి ఉంటాయి. కువైట్లో ఒకే ఇంట్లో పద్నాలుగేళ్లు పనిచేశారట.

"అయ్యగారు అరబ్బండి, అమ్మగారు చెక్. ఆవిడకి కోపమొస్తే సొంత భాషే. ఆవిడ అత్తగారికి అది ఒక్క ముక్క తెలీదు. ఇద్దరి మధ్యా నేనేనండి. తిట్లు మటుకు చెప్పేదాన్ని కాదు."

"సదస్సులో అన్నీ చెప్పాలండీ" అన్నాను.

"ఆయ్, చెప్తాను."

వాళ్ల దేశాల్లో తెల్లారేదాకా ఆగి, పన్నెండున్నరకి ఇద్దరికీ వీడియో కాల్ కలిపాను. పెద్దాయన తన వ్యాసంలోంచి నాలుగు వాక్యాలు చదివారు. సుగుణమ్మ గారు తెలియని మాట వచ్చినచోట ఆపి, అర్థం అడిగి, ప్రొఫెసరమ్మకు అరబ్బీలో చెప్పసాగారు. చివరి వాక్యం దగ్గర ఆగిపోయారు. మాట దొరకలేదేమో అనుకున్నాను. ఆ తర్వాత అదీ చెప్పారు. తెరమీద ప్రొఫెసరమ్మ తలూపుతూ రాసుకుంటున్నారు.

కాల్ అయ్యాక సుగుణమ్మ గారు నావైపు తిరిగారు.

"పనిమనిషిని ఇంట్లో మనిషివే అంటారు, అందుకే సెలవు ఇవ్వక్కర్లేదనుకుంటారు. అదండీ ఆయన చదివింది. మా అమ్మ పోయిందని ఫోనొచ్చిన రోజు నన్నూ అలాగే అన్నారు. నువ్వు వెళ్తే ఇల్లెలా గడుస్తుంది, నువ్వు మా మనిషివి కదా అని."

ఇంతదూరం వచ్చి ఈవిణ్ణి బాధపెట్టాను, రానంటారేమోనన్న దిగులూ పట్టుకుంది.

"వస్తానండి" అన్నారామె. "వెనక నిలబడి చెప్పను, బల్ల దగ్గర కుర్చీ వెయ్యండి. వాళ్ల మాటలయ్యేక నా మాట నేను చెప్పుకోవచ్చాండీ?"

"తప్పకుండా. ఏ భాషలో చెప్తారు?"

"తెలుగులోనండి. ఆ రెంటిలోనూ ఎప్పుడూ ఇంకొకళ్ల మాటే చెప్పేను."

కొబ్బరి నీళ్లిచ్చి ఆటో దాకా వచ్చారు. రెండున్నరకి అమలాపురంలో తిరుగు బస్సు దొరికింది. అల్లవరం వెళ్లాలనుకునేవాళ్లు పొద్దున్నే బయల్దేరితే పనిచూసుకుని సాయంత్రానికి రాజమండ్రి చేరొచ్చు. కిటికీలోంచి కొబ్బరితోటలు వెనక్కి పోతున్నాయి. ఈ దారిలో ఎన్నిసార్లు తిరిగానో. వలసల మీద సదస్సు పెట్టుకుని, వెళ్లొచ్చినవాళ్లను పిలవాలని మాకెవరికీ తట్టలేదు.

కొత్తపేట దాటాక ప్రిన్సిపాల్ గారి ఫోన్.

"దుబాసీ దొరికారా?"

"దొరికారండి. ఇప్పుడు ఆవిడ తెలుగులో చెప్పేదాన్ని ఆ ఇద్దరికీ వాళ్ల భాషల్లో చెప్పే మనిషి కావాలి."