దబ్బనంతో బాగు చేసిన ఫిల్టరు

ఆళ్లగడ్డలో ఇత్తడి కాఫీ ఫిల్టరును దబ్బనంతో బాగు చేసిన తొలి మనిషిని నేనే. ఆ ఘనతకు ఇంతవరకూ ఎవరూ పోటీకి రాలేదు. ఇప్పుడు నంద్యాలలో మా స్టీలు ఫిల్టరు బొక్కలు మూసుకుపోయినప్పుడల్లా పై గిన్నెను స్టవ్ మంట మీద కాలుస్తాను. ఆ మాడిన కాఫీ వాసనకు మా అవ్వ గుర్తొస్తుంది.

నా చిన్నప్పుడు ఆళ్లగడ్డలో మాది కిరాణా అంగడి. ఇంట్లో పిల్లలకు పాలే తప్ప కాఫీ లేదు. ఒకరోజు డికాక్షన్ దిగక అవ్వ గొణుక్కుంటుంటే నేను బేరం పెట్టాను.

“ఫిల్టరు బాగు చేస్తే నాకో గ్లాసు కాఫీ ఇస్తావా అవ్వా?”

“డికాక్షన్ బేగా దిగితే ఇస్తా పోవే.”

వాకిలి వెడల్పయితే సరుకు తొందరగా దిగుతుందని అంగట్లో చూసినదాన్ని. గోనెసంచులు కుట్టే దబ్బనం తెచ్చి, గిన్నె అడుగున ఉన్న సన్నటి బొక్కలన్నీ పొడిచి పెద్దవి చేశాను.

మరునాడు వేడినీళ్లు పోయగానే పొడితో సహా కిందికి దిగిపోయాయి.

“ఏందే ఇది? మా పుట్టింటి ఫిల్టరును జల్లెడ చేసి పెట్టినావు గదే!” అంది అవ్వ.

నాయన పగలబడి నవ్వాడు. “బేగా దిగింది గదమ్మా! బేరమంటే బేరమే, ఇయ్యి దానికి.”

అవ్వ ఇచ్చింది. పొడి పండ్లలో ఇరుక్కుంటున్నా, గెలిచానన్న పొగరుతో అడుగుదాకా తాగాను.

నిజాయితీగా లెక్క వేస్తే నాకు దక్కింది సగం పొడే ఉన్న ఒక గ్లాసు కాఫీ. అవ్వకు మిగిలింది, బతికినన్నాళ్లూ గుడ్డలో వడగట్టుకున్న కాఫీ. ఆ గుడ్డను కూడా రోజూ ఆమే ఉతుక్కుంది, ఆ పనిని ఒక్కనాడూ నా లెక్కలో వేయలేదు.