డోరీన్ గంట

డోరీన్ ఆవుగంట మోగితేగానీ మా ఊళ్లో కుర్రాళ్ల ఐస్ హాకీ మొదలైనట్టు కాదు. గోల్ వెనక, ఆట చుట్టూ కట్టిన అద్దాల గోడ పక్కనే ఆమె కుర్చీ. ఒళ్లో కంబళి, కోటు జేబులో పొద్దుతిరుగుడు గింజలు, నోటి నిండా తిట్లు. జట్టులో ఆడటానికొచ్చే పరాయి ఊరి పిల్లల్లో ఒకణ్ణి ఏటా ఇంట్లో పెట్టుకుని సాకుతుంది. ఈ ఏడు గోల్‌కీపర్ కోల్బీ వంతు. వంటింట్లో కూర్చోబెట్టి వాడి ఎడమ మోకాలికి ఐసు పెట్టేది. సీజన్ మధ్యలో మావాళ్లు వాణ్ణి పక్క ఊరి జట్టుకి ఇచ్చేసి, బదులుగా ఇంకొకణ్ణి తెచ్చుకున్నారు.

నిన్న వాడు మా మీదే ఆడాడు. ఆట ముగియబోతోంది, స్కోరు సమానం. డోరీన్ లేచి అద్దం మీద గుద్దుతూ, "ఎడమ పక్క కిందకి కొట్టండ్రా! వాడి మోకాలు తొందరగా వంగదు!" అని అరిచింది. కొట్టారు. గెలిచాం. గంట పైకెత్తిన డోరీన్‌కి అద్దం అవతల, మంచు మీద మోకాళ్లూని, తనవైపే చూస్తున్న కోల్బీ కనిపించాడు.

బయట వాడే వచ్చి ఎప్పట్లాగే వాటేసుకున్నాడు. "మోకాలి సంగతి మా కొత్త కోచ్‌కి కూడా చెప్పలేదు పిన్నీ," అన్నాడు మెల్లగా.

కారుదాకా డోరీన్ గంట నాలుకని గుప్పిట్లో బిగించి పట్టుకునే నడిచింది, ఎక్కడ మోగుతుందోనని.