సకినాల చెట్టు

ఎనభైల్లో జహీరాబాద్ బజారులోకి ప్లాస్టిక్ క్రిస్మస్ చెట్లు వచ్చాయి. మా చర్చికి వచ్చేవాళ్లు ఒక్కొక్కరే కొనుక్కుంటుంటే నాకూ చెల్లెకూ మనసు నిలిచేది కాదు. అడిగితే అమ్మ కొంగు నడుముకు దోపుకుని ఒకటే మాట అనేది. "గిది కావాలని ఏసయ్య అడిగిండా?"

మెరుపుకాగితాలకూ అదే మాట, దూదిగడ్డం తాత బొమ్మకూ అదే మాట. కోపంగా కాదు, నిజంగా ఆయన అడిగి ఉంటే వెంటనే తెచ్చేస్తానన్నట్టు అనేది. 

ఒక ఏడు పండుగ ముందురోజు అమ్మ వాడకంతా పంచడానికి సకినాలు చుడుతోంది. నడుము పట్టేసినా లేవడం లేదు. మూతి ముడుచుకుని కూర్చున్న చెల్లె ఉన్నట్టుండి అంది, "గిన్ని సకినాలు చెయ్యమని ఏసయ్య అడిగిండా అమ్మా?"

అమ్మ చెయ్యి ఆగిపోయింది. దెబ్బలు తప్పవనుకున్నాను. అమ్మ పిండిచేతులతోనే ముఖం కప్పుకుని నవ్వింది.

"అడగలే బిడ్డా. నాకే మనసైంది."

"మాకు గూడ చెట్టు మీద మనసైంది."

"అయితే చేసుకోన్రి. కొనుడు మాత్రం లేదు."

పొయ్యి కోసం తెచ్చిన కందికట్టెల్లో బాగా కొమ్మలున్నదాన్ని ఏరి, బకెట్లో మట్టి పోసి వాకిట్లో నిలబెట్టాం. ఇంకేమీ లేక, నూనెలో వేగిన గుండ్రటి సకినాలే దానికి తగిలించాం. పండుగనాడు చర్చి నుంచి వచ్చేసరికి వాడ పిల్లలు చుట్టూ చేరి తెంపుకుని తింటున్నారు. మా చెట్టు బోసిపోయిందని నాకు ఏడుపొచ్చింది. అమ్మ కొత్తచీరైనా మార్చుకోకుండా లోపలి నుంచి సకినాల గంప ఎత్తుకొచ్చింది. పిల్లలు తెంపుతుంటే తను తగిలిస్తూ నిలబడింది.