దెరామన్ భుజం, జుసో వేలు

కష్టాలు మనిషిని మంచివాణ్ణి చేస్తాయంటారు. అన్నవాళ్లెవరో గాని, ఆస్పత్రి బెంచీ మీద దెరామన్ పక్కన ఒక్క పూటైనా కూర్చొని ఉండరు.

మలేషియాలోని కెలంతాన్‌లో, పాసిర్ మాస్ దగ్గరి ఓ పల్లె తరఫున పందేల్లో పదిహేనేళ్లుగా బొంగరం విసిరింది అతనే. ఐదు కిలోల బొంగరం, పళ్లెమంత వెడల్పు, అంచుకు సీసం. ఒకడు విసురుతాడు. నేలమీద తిరుగుతున్నదాన్ని ఇంకొకడు చెక్కతెడ్డుతో ఎత్తి గుంజ మీద నిలుపుతాడు. ఏ ఊరి బొంగరం ఎక్కువసేపు తిరిగితే ఆ ఊరిదే గెలుపు. పేరు మాత్రం విసిరినవాడిదే.

నిరుడు పెళ్లి నుంచి తిరిగొస్తుంటే బామ్మర్ది జుసో నడుపుతున్న కారుకు ఆవు అడ్డం వచ్చింది. కారు కాలవగట్టును గుద్దింది. బెల్టు పెట్టుకోని దెరామన్ బయటికెగిరి కుడిభుజం మీద పడ్డాడు. మెడలోంచి చేతికొచ్చే నరాలు మొదలంటా తెగి చెయ్యి చచ్చుబడింది. జుసోకు కుడి మోచేతి దగ్గర నరం నలిగింది, అంతే. అదే కారు, అదే ఆవు!

ఇద్దరూ ఒకే బెంచీ మీద వ్యాయామం చేసేవారు. నాలుగో నెలలో జుసో చిటికెనవేలు కదిలింది.

"బావా, చూడు చూడు!"

"చూశాన్లే. ఈగ వాలిందనుకున్నా."

"కదలిక ముందొచ్చింది. స్పర్శ ఇంకా రాలేదు. వేడి గిన్నెలు ముట్టుకోవద్దు" అంది డాక్టరమ్మ. దెరామన్ చేతిని మాత్రం ఎత్తి చూసి, మళ్లీ అతని ఒళ్లో పెట్టేసింది.

ఇంటికొచ్చి అతను గిన్నె విసిరికొట్టాడు, ఎడమచేత్తో. భార్య మెక్ సోమ్ నిలదీసింది: "మా తమ్ముడి వేలు నిన్నేం చేసిందయ్యా?"

"కదిలింది."

సిగ్గుపడ్డాడు. సిగ్గుపడితే కుళ్లు తగ్గుతుందా?

కోతలయ్యాక పందెం. అప్పటికి జుసో చేతికి పట్టొచ్చింది, ఈసారి విసిరేది వాడేనని జట్టు తేల్చింది. ఇమాం ఓదార్చాడు: "ఓర్చుకో నాయనా, అంతా పైవాడు రాసిందే."

"ఆ రాసేదేదో ఇద్దరికీ సమంగా రాయొచ్చుగా!"

పందెం రోజు జుసో తాడు చుట్టాడు. మూడడుగుల దూరంలో నిలబడ్డ దెరామన్‌కు కనిపించింది. చివరి చుట్టు కింద జుసో ఉంగరపువేలు ఇరుక్కుంది. వాడికి తెలియదు, ఆ వేలికింకా స్పర్శ లేదు. విసిరితే తాడుతోపాటే వేలూ ఊడిపోతుంది. ఆ తాడును పదిహేనేళ్లు చుట్టినవాడికి తప్ప అది ఇంకెవరి కంటా పడదు.

దెరామన్ నోరు మెదపలేదు. జుసో ఒక కాలు వెనక్కి వేశాడు. పోనీ, వాడికీ తెలిసిరావాలి, అనుకున్నాడు దెరామన్. జుసో చెయ్యి పైకి లేచింది.

"ఆగరా గాడిదా! వేలు తియ్!"

జుసో వేలు చూసుకున్నాడు. మొహంలో నెత్తురు లేదు. తాడు విప్పి, మళ్లీ చుట్టి విసిరాడు. బొంగరం బంకమట్టి మీద పడి తుమ్మెదలా మోగింది. తెడ్డువాడు ఎత్తి గుంజ మీద నిలిపాడు.

"పెద్ద మనసయ్యా నీది" అని ఇమాం దెరామన్ వీపు తట్టాడు.

జుసో దగ్గరికొచ్చి గొంతు తగ్గించాడు. "బావా, ఎప్పుడు చూశావ్?"

"చుట్టేటప్పుడే."

జుసో ఆ వేలు నిమురుకున్నాడు. "అయినా చెప్పావుగా."

"చెప్పాలనిపించలేదురా. నోరు జారింది."

జుసో పక్కనే కూర్చున్నాడు, లేచి పోలేదు. గంట దాటింది. పక్క గుంజ మీద పోటీ ఊరి బొంగరం ఒరిగిపోయింది. జనం కేకలు, జుసో పేరు. గుంజ మీద జుసో విసిరిన బొంగరం ఇంకా తిరుగుతూనే ఉంది. ఇకనైనా పడితే బాగుండునని దెరామన్ రెప్పవేయకుండా దాన్నే చూస్తున్నాడు.