దస్తీ వేసిన జాగ

మా బావ లక్ష్మీరాజం ఖాళీ జాగ చూస్తే దాని మీద దస్తీ వేయకుండా ఉండలేడు. కొందరికి పేకాట, కొందరికి రాజకీయం, మా బావకు దస్తీ, అంటే చేతిరుమాలు. బస్సు సీటు, పెండ్లి బంతి, మంగలి షాపు బెంచీ, దవాఖాన బల్ల, ఏదైనా సరే. తనకొక్కడికి జాగ దొరికితే తృప్తి లేదు. పక్కనున్న రెండు మూడింటి మీద కూడా దస్తీలు పరిచి కావలి కాస్తాడు.

"ఎవలకు బావా?" అని అడిగితే ఎప్పుడూ ఒకటే జవాబు.

"వచ్చేటోళ్లకు."

"వచ్చేటోళ్లు ఎవలు?"

"వస్తే తెలుస్తది గద."

వాళ్లుండేది సిరిసిల్లలో. బావ సాంచాల మీద పని చేస్తాడు. మరమగ్గాన్ని మా దగ్గర సాంచా అనే అంటారు. మరకపడ్డ తెల్లగుడ్డ ముక్కలు సేటు ఊరికే ఇస్తాడు. మా అక్క నవనీత వాటిని చదరంగా కత్తిరించి, అంచులు ఎర్రదారంతో కుట్టి ఇస్తుంది. "నా బతుకంత గీ దస్తీల అంచులు కుట్టుడే అయింది" అని తిడుతూనే కుడుతుంది. మిషను ఆగితేనే తిట్టు ఆగుతుంది.

నేను నర్మదను, అక్క చెల్లెల్ని, అక్కడే బడిలో లెక్కలు చెప్తాను. మరదలినయ్యాక బావను ఆటపట్టించకపోతే ఆ చుట్టరికమే దండగ. కాబట్టి ఆయన దస్తీ కథలన్నీ నా దగ్గర భద్రంగా ఉన్నాయి.

ఆయన పెండ్లి సంగతే చూడండి. పంతులు పీటల మీద కూర్చోమంటే బావ ఒక పీట మీద కూర్చుని, జేబులోంచి దస్తీ తీసి పక్క పీట మీద పరిచాడు. పంతులు మంత్రం ఆపేసి, "గిదేందయ్యా?" అన్నాడు.

"పిల్ల వస్తది గద పంతులూ. గంతల ఎవలన్న కూసుంటరేమోనని."

పెండ్లికూతురి పీట మీద ఇంకెవరు కూర్చుంటారో ఆయనకే తెలియాలి. మా అక్క వచ్చి ఆ దస్తీ తీసి కూర్చున్న ఫోటో ఇప్పటికీ వాళ్లింట్లో గోడ మీద ఉంది.

కొండగట్టులో దర్శనం లైనులో నిలబడి, దాహమేసి, తన జాగలో నేల మీద దస్తీ పరిచి నీళ్లకు పోయాడు. వచ్చేసరికి దస్తీ ఆయన కంటే చాలా ముందుంది. వెనకున్న పెద్దమనిషి లైను కదిలినప్పుడల్లా వంగి, దాన్ని ఎత్తి, ఒకడుగు ముందు పరుచుకుంటూ వచ్చాడట. మా దిక్కు దస్తీకున్న ఇజ్జత్ అది. కిటికీలోంచి దస్తీ పడ్డదంటే ఆ సీటు రిజిస్ట్రీ అయినట్టే. తిట్టుకుంటారు, గొణుక్కుంటారు, దాన్ని మాత్రం ముట్టరు.

ఒకసారి కరీంనగర్ బస్టాండులో సిరిసిల్ల బస్సనుకొని మంథని బస్సులో వేశాడు. ఈయన ఎక్కేలోపే అది కదిలిపోయింది. బస్సు నిండా జనం, ఆ ఒక్క సీటు ఖాళీ. మంథని దాకా జనం ఆ సీటు పక్కన నిలబడే పోయారు. తర్వాత ఒకనాడు ఆ కండక్టరే బస్టాండులో బావను చూసి, ఆయన చేతిలో దస్తీ పెట్టి, "కాకా, నీ దస్తీ మంథని చూసి వచ్చింది. దానికి టికెట్ కొట్టాలెనా?" అని అడిగాడు.

ఇట్లాంటి మనిషిని వెంటబెట్టుకొని పాటల కచేరీకి పోవడమంటే మాటలా?

ఈ మధ్య కరీంనగర్‌లో ఎవరో బట్టల దుకాణం వాళ్లు కొత్త షోరూము తెరిచి, ఆ సంబరంలో ఒక పెద్ద మైదానంలో రోజారాణి కచేరీ పెట్టారు. టికెట్ లేదు, ముందొచ్చినవాళ్లకు ముందు కుర్చీ. రోజారాణి ఆదిలాబాద్ పిల్ల. వెనక గిటార్లు, డ్రమ్ములు, ముందు ఆమె గొంతు. ఆమె పాట పెట్టకుంటే మా దగ్గర పెండ్లి బరాత్ కదలదు. బావ ఆమెకు ఎంత అభిమాని అంటే, సాంచా మీద లక్ష్మీదేవి పటం పక్కన ఆమె ఫోటో అంటించాడు. సేటు చూసి కేకలేస్తే, "అమ్మవారి పక్కన జాగ ఖాళీగనే ఉండె గద సేటూ" అన్నాడు.

పాపం, ఆ పాటలు ఆయనకు సరిగ్గా వినపడవు. చిన్నప్పటి నుంచి సాంచాల చప్పుడులో ఉండి చెవులు మొద్దుబారాయి. మాటలు గట్టిగా చెబితే అందుతాయి, సన్న చప్పుళ్లు మాత్రం పూర్తిగా పోయాయి. రోజారాణి సైకిల్ పాటంటే ఆయనకు ప్రాణం. ఆ పాట సైకిల్ బెల్లుతో మొదలవుతుంది. ఆ బెల్లు బావ ఎన్నడూ వినలేదు. ఫోను చెవికి ఆనించుకొని, "బెల్లు కొట్టిందా?" అని అక్కను అడుగుతాడు. కొట్టిందంటే అప్పుడు తలూపడం మొదలుపెడతాడు.

"స్టేజీ కాడ పెద్దపెద్ద సౌండు డబ్బాలు పెడ్తరు పిల్లా" అన్నాడు నాతో. "ముందల కూసుంటె నాక్కూడ ఆ బెల్లు ఇనవడ్తదేమో."

ఆ మాటకు నా మనసు కరిగి, బడికి సెలవు పెట్టి వాళ్ల వెంట బయల్దేరాను.

ఎండ నెత్తిన మాడుస్తుండగానే మైదానంలో దిగాము. పెద్దమనుషుల సోఫాల వెనక మొదటి వరుస ఖాళీగా ఉంది. అక్కా నేనూ కూర్చున్నాము. బావ కూర్చోలేదు. సంచి విప్పాడు. ఆ చివరి నుంచి ఈ చివరి దాకా వరుసంతా దస్తీలు పరిచాడు. దూరం నుంచి చూస్తే చాకిరేవులా ఉంది.

బ్యాడ్జీ పెట్టుకున్న వాలంటీరు ఒకతను ఉరికొచ్చాడు. "కాకా, గివన్ని ఎవలియి?"

"వచ్చేటోళ్లయి."

"ఎంతమంది వస్తరు?"

"వచ్చినంతమంది."

"పేర్లు చెప్పు మరి."

"వచ్చినంక వాళ్లనే అడుగు. నేను గూడ అడుగుత."

"గిట్ల పట్టుడు నడువది కాకా, తీసేస్త" అని అతను ఒక దస్తీ మీదికి చెయ్యి చాపాడు. చెయ్యి అక్కడే ఆగింది. "తియ్యి మరి" అన్నాడు బావ, ఎంతో మర్యాదగా. అతనిది వేములవాడట. ఎంత బ్యాడ్జీ పెట్టుకున్నా మా దిక్కు పిల్లవాడే కదా, దస్తీ ముట్టబుద్ధి కాలేదు. పోయి తన పైఅధికారిని తీసుకొచ్చాడు. ఆయనా చూసి, మెడ గోక్కొని, "జర జల్ది పిలువు వాళ్లను" అని చెప్పి పోయాడు.

పొద్దు వాలేకొద్దీ జనం వచ్చారు. బావ నిలబడి గుంపులో వెతకడం మొదలుపెట్టాడు. చంకలో బిడ్డతో ఒకామె కనబడింది. "రా చెల్లె, గీ జాగ నీదే." ఆమె బిత్తరపోయి, "నేను మీకెరుకేనా అన్నా?" అంది. "కూసో, ఎరుకైతం" అన్నాడు. చేతికర్ర ముసలాయన ఒకరు, కాలికి కట్టుతో ఒకడు, డ్యూటీ బట్టలతోనే వచ్చిన మొగుడూపెళ్లాలు, అట్లా ఒక్కో కుర్చీ నిండింది. తెల్ల ఇస్త్రీ చొక్కా ఆయన ఒకరు వచ్చి ఒక దస్తీ వైపు చూస్తూ, "నాకు కూడ ఒకటి ఇప్పియ్యరాదు?" అంటే, బావ ఆయన్ను కింది నుంచి పైదాకా చూసి, "నీ కాళ్లు మంచిగనే ఉన్నయి గదన్నా" అన్నాడు. నాకు తల ఎక్కడ పెట్టుకోవాలో తెలియలేదు.

వాళ్ల వాడకట్టు నుంచి మంజుల, ఇంకో ఇద్దరు ఆడవాళ్లు బీడీలు కార్ఖానాలో అప్పజెప్పి, సాయంత్రం బస్సుకు వచ్చారు. వాళ్లతో, బావ కుర్చీ తప్ప వరుసంతా నిండింది. లైట్లు వెలిగాయి. డ్రమ్ములు మోగాయి. బావ అప్పుడు కూర్చున్నాడు, ముందుకు వంగి, చెవి పక్కన చెయ్యి ఆనించుకొని, పరీక్ష పేపరు కోసం ఎదురుచూసే పిల్లాడిలా.

కూర్చున్నాడో లేదో లేచాడు. వెదురు కంచె దగ్గర వాళ్ల వాడకట్టు ముసలామె దేవవ్వ కనబడింది. మంజుల వాళ్లతోనే బస్సు దిగిందట, మోకాళ్ల నొప్పులతో నడిచేసరికి వెనకబడిపోయింది. ఈ వయసులోనూ బీడీలు చుడుతుంది. కంచె కర్ర పట్టుకొని, స్టేజీ కనబడక అటూ ఇటూ మెడ సాచుతోంది.

బావ జేబులోంచి ఆఖరి దస్తీ తీసి తన కుర్చీ మీద పరిచాడు. పోయి దేవవ్వను చెయ్యిపట్టి తీసుకొచ్చాడు.

"కూసో అవ్వా. నీ కోసమే పట్టిపెట్టిన."

"నీ జాగ ఏదిరా రాజం?"

"నాదా? గక్కడున్నది" అని ఎటో చూపించాడు. ఆ దిక్కున ఐస్‌క్రీం బండి తప్ప ఏమీ లేదు.

నేను లేవబోతే భుజం పట్టి కూర్చోబెట్టాడు. "బావా, నీ బెల్లు" అన్నాను. వినపడలేదో, విననట్టు చేశాడో, గుంపులో కలిసిపోయాడు.

నాకు కోపం వచ్చింది, ఏడుపూ వచ్చింది. ఒక్క బెల్లు వినడానికి ఎండలో మాడిన మనిషి. "నీ మొగనికి నువ్వన్న చెప్పవా?" అని అక్క మీద విరుచుకుపడ్డాను.

"చెప్తే ఇంటడా?" అంది అక్క. "మా అత్త గూడ బీడీలు చేసేది. అప్పజెప్పి ఎల్లేసరికి ఎక్కడ జూసినా జాగలన్ని నిండేటియట. ఏ బస్సెక్కినా నిలవడుడే, ఏ పెండ్లికి పోయినా ఆఖరి బంతే. గందుకే గీయన చిన్నగున్నప్పుడే ముందుగాల ఉరికి, దస్తీ ఏసి, కన్న అవ్వ కోసం కావలి కాసేటోడట. ఇప్పుడు అవ్వ లేదు. గని ఎవలో ఒక అవ్వ అయితే వస్తది గద అంటడు."

ఇన్నేళ్లుగా ఆటపట్టించాను, ఈ సంగతి నాకెవరూ చెప్పలేదు. తిడుతూ తిడుతూ అక్క అన్ని దస్తీలు ఎందుకు కుట్టిందో అప్పుడర్థమైంది.

ఇంతలో రోజారాణి మైకులో, "సైకిల్ ఎక్కుదామా కరీంనగర్?" అంది. మైదానం హోరెత్తిపోయింది. నేను కుర్చీలోంచి లేచి బావ కోసం వెతికాను. సైకిల్ బెల్లు మోగింది, ఆ డబ్బాల్లోంచి వస్తే గుడిగంటంత ఉంది.

అప్పుడు కనబడ్డాడు. స్టేజీ పక్కన మనిషెత్తు సౌండు డబ్బా ఉంది. ఆ మోతకు భరించలేక జనమంతా చెవులు మూసుకొని దూరం జరిగారు. మొత్తం మైదానంలో ఎవరికీ అక్కరలేని జాగ అదొక్కటే. అందులో మా బావ ఒక్కడే, డబ్బాకు చెవి ఆనించి, దాని మీద అరచెయ్యి పెట్టి నిలబడ్డాడు. ముఖం ఇంత చేసుకొని మా వైపు తిరిగాడు. చెయ్యి పైకెత్తి, బొటనవేలితో సైకిల్ బెల్లు నొక్కినట్టు నొక్కి చూపించాడు. మా అక్క కూర్చున్నచోటి నుంచే తన బొటనవేలితో తిరిగి నొక్కింది. వాళ్లిద్దరూ అంత ముచ్చటగా మాట్లాడుకోవడం నేనెన్నడూ చూడలేదు.

కచేరీ అయిపోయింది. మంజుల వాళ్లు దేవవ్వను నడిపించుకుంటూ ముందుగా బస్సుకు పోయారు. బావ వరుసలో తిరిగి దస్తీలు ఏరాడు. ఏరి, దులిపి, మడిచి, మళ్లీ కుర్చీల కింద దూరాడు.

"ఒకటి తక్కువున్నది."

"ఇంట్ల మస్తున్నయ్, బస్సు పోతది నడువు" అని అక్క ఆయన చెవి దగ్గర అరిచింది. ఆ డబ్బా పక్కన నిలబడ్డాక ఉన్న కాస్త వినికిడీ ఆ పూటకు సెలవు తీసుకుంది. చివరికి ఇద్దరం చెరో చెయ్యి పట్టి లాక్కొచ్చాము.

బస్సు కిటకిటలాడుతోంది. ఫుట్‌బోర్డు దాకా జనం. మంజుల కొంచెం జరిగి మా ఇద్దరినీ ఇరికించింది. ఇంత జనంలో ఒకే ఒక్క సీటు ఖాళీగా ఉంది. దాని మీద తెల్ల దస్తీ. పక్క సీట్లో దేవవ్వ.

బావ దాన్ని చూశాడు. పోయి, దాని పక్కనే రాడ్డు పట్టుకొని బుద్ధిగా నిలబడ్డాడు.

"కూసో బావా."

"ఆ?"

"కూసోమంటున్న."

"ఎవలో ఏసిపోయిండ్రు, కనవడ్తలేదా?" అని నన్నే గదమాయించాడు.

"కాకా, నువ్వన్న అడుగు గా అవ్వను" అన్నాడు కండక్టర్ విసుగ్గా. "బస్టాండు కాడ ఎక్కిన సంది ఎవలను కూసోనిస్తలేదు. ఎవలకంటె, వచ్చేటోనికి అంటది. ఎవడా వచ్చేటోడు అంటె, వస్తే తెలుస్తది అంటది."

దేవవ్వ బావ చొక్కా పట్టి లాగింది. "వచ్చినవ్ గదరా. కూసో."

బావ వంగి దస్తీ అంచు చూశాడు. ఎర్రదారం. మైదానంలో కుర్చీల కింద వెతికింది దీన్నే. దాన్ని మెల్లగా తీసి, చేతిలో పట్టుకొని కూర్చున్నాడు. బస్సు కదిలింది. చాలాసేపు దాన్ని మడిచాడు, విప్పాడు, మళ్లీ మడిచాడు. తర్వాత దేవవ్వ వైపు తిరిగి మెల్లగానే అడిగాననుకున్నాడు గాని, చెవులు మూసుకుపోయి ఉన్నాయి కదా, ఆ మాట డ్రైవరు దాకా వినిపించింది.

"మన కోసం ఎవలన్న జాగ పట్టిపెడ్తె గిట్లుంటదా అవ్వా?"

బస్సంతా నవ్వింది. మా అక్క కొంగు మూతికి అడ్డం పెట్టుకుంది.

"గిట్లనే ఉంటది బిడ్డా" అంది దేవవ్వ. ముందు స్టాపులో ఎవరైనా ముసలాయన ఎక్కితే బావ లేచి నిలబడతాడని ఆమెకు తెలుసు. అందుకే సిరిసిల్ల వచ్చేదాకా బావ చొక్కా వదల్లేదు.