ఒక పేజీ, వేల తోకలు

పురపాలక కార్యాలయం వెబ్‌సైటు చూసుకునే ఆమెను తోటివాళ్ళు నత్తమ్మ అనేవారు. ఏ మార్పు చేసినా మళ్ళీ సరిచూసుకోనిదే కుర్చీలోంచి లేవదు మరి.

వాన తెరిపివ్వని ఆ మధ్యాహ్నం, ఏరు గట్టు దాటబోతోందని కబురొచ్చింది. ఇళ్ళు ఖాళీ చెయ్యాలో లేదో ఒక్కో వార్డుకూ వేరుగా చెప్పే పేజీ లింకును అందరి ఫోన్లకూ పంపారు. కాసేపటికే పేజీ తెరుచుకోవడం మానేసింది. పల్లంలో ఉండే చెల్లెలు ఫోన్ చేసింది.

"అక్కా, ఫోన్లో చక్రం తిరుగుతూనే ఉంది. మామయ్యగారిని కదిలించాలా?"

"ఇప్పుడే కదలండి!"

"నా మాట, నీ మాట ఆయన వింటారా? ఆఫీసువాళ్ళు రాసింది చూపించమంటున్నారు."

నత్తమ్మ ఆ లింకును పరిశీలించింది. మామూలుగా అయితే ఒక్కో వార్డు పేజీ కాపీ ఒకటి కాష్ అనే తాత్కాలిక నిల్వలో సిద్ధంగా ఉంటుంది. ఆ వార్డులో అడిగినవాళ్ళందరికీ అదే అందుతుంది, పేజీని తయారుచేసే సర్వరుకు శ్రమ ఉండదు. కానీ లింకును ఎవరు నొక్కారో తెలుసుకోవడానికి ఒక్కో ఫోనుకు ఒక్కో గుర్తు చివర తోకలా తగిలించారు. తోక మారితే చాలు, కాష్ దాన్ని కొత్త పేజీ అనుకుంటోంది. దాచిన కాపీలు గుట్టలు పడ్డాయి గానీ ఒక్కటీ రెండోవాళ్ళకు పనికిరావడం లేదు. భారమంతా సర్వరు నెత్తినే పడింది.

"లింకులో ప్రశ్నార్థకం తర్వాతున్నదంతా లెక్కలోంచి తీసెయ్యండి!" అన్నాడు మేనేజరు, వెనకే నిలబడి.

"వార్డు నంబరూ అక్కడే ఉంది సార్. అదీ తీసేస్తే మిట్టవార్డు కాపీ పల్లంవాళ్ళకి వెళ్తుంది. మీకు ప్రమాదం లేదని చదువుకుంటారు."

ఆయన ఒక అడుగు వెనక్కి తగ్గాడు. "అయితే చూసి చెయ్యండమ్మా. త్వరగా."

కాపీ వెతికేటప్పుడు పట్టించుకోకూడని గుర్తుల పేర్లు మాత్రమే ఆమె రాసింది. వార్డు నంబరు జోలికి పోలేదు. పరీక్షకు పల్లంవార్డు పేజీని రెండు వేర్వేరు తోకలతో తెరిచింది. ఒకే కాపీ వచ్చింది. మిట్టవార్డు తెరిచింది. వేరే కాపీ.

"ఇంకా ఏమిటండీ?"

"ఒక్కసారి, సార్." ఫోను మోగుతూనే ఉంది. ఎత్తితే చెయ్యి ఆగిపోతుందని ఎత్తలేదు. మిగతా వార్డులూ తెరిచి చూసి, అప్పుడు అమలులో పెట్టింది.

సర్వరు ఊపిరి పీల్చుకుంది. ఆమె ఫోనెత్తింది.

"తెరుచుకుందే అక్కా! ఆయనే పైకి చదివి, ఇంకా నిలబడ్డారేమిటని మమ్మల్ని కసురుతున్నారు!"

చీకటి పడకముందే చెల్లెలి ఇంట్లోకి నడుములోతు నీళ్ళొచ్చాయి. మనుషులు మాత్రం అప్పటికే మిట్టమీది బడిలో ఉన్నారు. నత్తమ్మ అక్కడికి వెళ్ళేసరికి, తడిసిన చొక్కాతో కూర్చున్న ఆ పెద్దాయన ఆమెను చూసి విసుక్కున్నాడు.

"అంతా బాగానే రాశారు గానీ, కళ్ళజోడు తెచ్చుకోమని ఒక్క ముక్క రాయలేకపోయారా తల్లీ?"

ఆమె నవ్వబోయి, చెల్లెలి భుజంమీద తల పెట్టి ఏడ్చేసింది.