హౌజ్ పక్కన హౌస్ వెతికిన రోజు

తొట్టిని ఆనుకుని నిలబడి, ఆ తొట్టి కోసమే బజారంతా వెతికిన మనిషిని మీరెప్పుడూ చూసి ఉండకపోతే నన్ను చూడండి. హైదరాబాదులో ఉద్యోగం చేస్తూ ఇన్నేళ్లయినా, దారిలో ఎవరి దగ్గరైనా అత్తరు గుప్పుమంటే నా చెయ్యి దానంతటదే పక్కవాళ్ల చెయ్యి వెతుక్కుంటుంది. మొన్న మెట్రోలో అలాగే ఒక పెద్దమనిషి చెయ్యి పట్టుకున్నాను. ఆయన చూసిన చూపుకి, నాది కాని స్టేషన్లో దిగిపోయాను.

మాది ఏన్కూరు. సంతరోజున తెలుగు, కోయ, లంబాడీ మాటలు ఒకే బేరంలో కలిసిపోయే ఊరు కాబట్టి, ఎన్ని భాషల పట్నమైనా నాకో లెక్కా అనుకునేవాణ్ణి. ఒక ఎండాకాలం సెలవుల్లో మా మేనమామ రంగయ్య, అమ్మనీ నన్నూ హైదరాబాదు తీసుకెళ్లాడు. పిన్ని పెళ్లికి గాజులు కొనడం అమ్మ పని, ఊరు చూడటం నా పని, మా ఇద్దరినీ కాయడం మామ పని. బస్సులోనే మామ నా చెవిలో అమృతం పోశాడు: “మనం మాట్లాడేదాంట్ల సగం ఉర్దూనే రా. జల్దీ, కిరాయి, దవాఖానా, అన్నీ గవే.” అంటే నాకు ఉర్దూ వచ్చేసినట్టే! ఇంగ్లీషు ఎలాగూ ఆ ఏడే మొదలైంది.

మ్యూజియంలో గడియారం బొమ్మ బయటికొచ్చి గంట కొడుతుందని మెడలు సాచి నిలబడ్డ జనం, ఇరానీ హోటల్లో సాసర్లో పోసుకుని ఊదుకుంటూ తాగిన చాయ్, అందులో ముంచీ ముంచగానే విరిగి మునిగిన ఉస్మానియా బిస్కెట్టు, దాన్ని వేలితో తీయబోయి కాల్చుకున్న నేను, ముత్యాల కొట్లలో మార్వాడీ మాటలు, పావురాల రెక్కల చప్పుడు, ఇవన్నీ దాటి చార్మినార్ చేరాం. అక్కడ మామ నా గడ్డం పట్టుకుని మరీ చెప్పాడు.

“తప్పిపోతే గుల్జార్ హౌజ్ కాడికొచ్చి నిలబడు. ఎవల్నడిగినా చెప్తరు. నాలుగింటికి బస్సు, యాదుంచుకో.”

మామ ఉండే వరంగల్ వైపు హౌజ్ అంటే నీళ్లతొట్టి. మా ఏన్కూరులో తొట్టిని తొట్టే అంటాం. కొత్త ఇంగ్లీషు మోజులో ఉన్న నాకు హౌజ్ అంటే ఇల్లు. గుల్జార్ గారెవరో గొప్పవాడై ఉంటాడు, ఇంటికింత పేరుందంటే.

అత్తరు అమ్మే ముసలాయన నా మణికట్టు మీద ఒక చుక్క రాశాడు. కళ్లు మూసుకుని వాసన పీలుస్తూ నాలుగడుగులు వేశాను. కళ్లు తెరిస్తే అమ్మ ఆకుపచ్చ చీర ముందే ఉంది. పరుగెత్తి కొంగు పట్టుకున్నాను. వెనక్కి తిరిగిన ముఖం అమ్మది కాదు.

అప్పుడే నమాజు విడిచినట్టుంది, సందుల్లోంచి జనం గోదారిలా వచ్చిపడ్డారు. అడిగినవాళ్లంతా నడిరోడ్డు మీది ఫౌంటెన్ వైపు వేలు చూపించారు. నేను దాని గట్టు పట్టుకుని, వెనకున్న ఇళ్లన్నీ చూశాను. ఏ గుమ్మం మీదా గుల్జార్ పేరు లేదు. మళ్లీ అడిగాను, మళ్లీ అదే ఫౌంటెన్ చూపించారు. ఊరు ఊరంతా కలిసి నన్ను ఆటపట్టిస్తోందనిపించింది. నీడలు సాగుతున్నాయి. బస్సు వెళ్లిపోతుంది, అమ్మ వెళ్లిపోతుంది, నేను ఈ రోడ్డు మీదే పెద్దవాణ్ణయిపోతాను.

బుర్ఖా వేసుకున్న ఒక గాజులమ్మి వంగి, “క్యా హువా బేటా?” అంది. ఉర్దూ బయటికి తీయాల్సిన సమయం వచ్చింది. ఉన్నదంతా తీశాను. “జల్దీ... కిరాయి... దవాఖానా!”

ఆమె ముఖం మారిపోయింది. నా నుదురు తాకి చూసి, చెయ్యి గట్టిగా పట్టుకుని, “చలో, చలో” అంటూ ఫౌంటెన్‌కి ఎదురు దిక్కుగా లాక్కుపోసాగింది. పిల్లల్ని ఎత్తుకుపోయేవాళ్ల కథలన్నీ ఒక్కసారే గుర్తొచ్చాయి. “అమ్మా!” అని అరిచిన అరుపుకి పావురాలు లేచాయి.

జనాన్ని తోసుకుంటూ అమ్మ వచ్చింది, వెనక మామ. నన్ను ఆసుపత్రికి తీసుకుపోబోయిన గాజులమ్మి మాత్రం చెయ్యి వదల్లేదు. అమ్మని చూపించి, “కౌన్ హై?” అని నన్నే అడిగింది. “అమ్మ” అన్నాను. అప్పుడు వదిలింది. నాకు వచ్చిన ఉర్దూలో ఆ పూట సరిగ్గా పనిచేసిన ముక్క అదొక్కటే.

“హౌజ్ కాడ నిలబడమన్న గదరా!” అన్నాడు మామ.

“నిలబడ్డ. ఇల్లేది మామా?”

అమ్మ ఒక్కటి వేసి, వెంటనే గుండెకి అదుముకుంది. మామ ఫౌంటెన్ గట్టు మీద కూలబడి కళ్లనీళ్లొచ్చేలా నవ్వాడు. ఆ నవ్వు అక్కడితో ఆగలేదు. నా పెళ్లిలో ఆడపెళ్లివారికీ, నా పిల్లల బారసాలలో వచ్చినవాళ్లందరికీ ఆ కథ భోజనాల కంటే ముందే వడ్డించాడు.

ఆ ఇరానీ హోటలు ఇప్పుడు సెల్‌ఫోన్ల దుకాణం. దారి చెప్పే గొంతు అందరి జేబుల్లోకీ వచ్చాక పిల్లలకి తప్పిపోయే వీలే లేకుండా పోయింది. మా మామది మాత్రం ఇంకా బటన్ల ఫోనే. పోయిన నెల మా ఇంటికొస్తే మాల్ చూపిద్దామని తీసుకెళ్లాను. కాసేపటికి ఫోన్.

“అల్లుడా, ఏడున్నవ్ రా? నాకేం సమజైతలేదు.”

“ఫుడ్ కోర్టు కాడ నిలబడు మామా, వస్తున్న.”

“కోర్టా? కోర్టుకెందుకురా, నేనేం జేసిన?”

పై అంతస్తులోంచి తొంగిచూశాను. మామ సరిగ్గా ఆ బోర్డు కిందే నిలబడి, కోర్టు కోసం నాలుగు దిక్కులా చూస్తున్నాడు.

“పాత కేసే మామా. వాయిదాల మీద వాయిదాలు పడి ఇయ్యాల విచారణకొచ్చింది,” అని ఫోన్ పెట్టేశాను. పక్కనే ఎస్కలేటర్ ఉన్నా, మెట్ల మీదుగా, నింపాదిగా దిగాను.